సొసైటీకి వచ్చిన పాత బుల్లెట్: దాన్ని ఎలా నడుపుకుంటున్నాం

కిందటి రంజాన్ తరువాత ఒక దాత కుటుంబం మన సొసైటీకి 1983 మోడల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350 బండిని సదఖాగా ఇచ్చింది. ఇంటి పెద్దాయన పోయాక నాలుగేళ్లుగా వరండాలో కదలకుండా ఉన్న బండి అది. అమ్మేసి ఆ డబ్బు పిల్లల ఫీజులకు వాడమని కొందరు దాతలు సలహా ఇచ్చారు. నడుపుకుందామని మేం అనుకున్నాం. సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దాయన లేచి, "ధర్మం సొమ్ము తీసుకెళ్లి పాత ఇనుముకు పోస్తున్నారా?" అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. ఆ రోజు టైము లేక పొట్టిగా చెప్పిన జవాబును ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

ముందు డబ్బు సంగతి. జకాత్ సొమ్ములో ఒక్క రూపాయి కూడా బండి మీద పెట్టలేదు. జకాత్ ఎవరికి చేరాలో ఖురాన్ ఎనిమిది వర్గాలుగా చెప్పింది. బండి మరమ్మతును వాటిలో ఏదో ఒకదాని కిందికి లాగే వాదన జోలికి మేం పోలేదు. అయిన ఖర్చంతా సాధారణ సదఖా నిధిలోంచే. జమాఖర్చుల పేజీలో దాన్ని విడిగా చూపించాం.

బండి ఎందుకంటే, సహాయం కోరుతూ అర్జీ పెట్టిన ప్రతి ఇంటికీ మన వాళ్లు వెళ్లి చూసి రావాలి. మంచం దిగలేని వాళ్లకు నెలనెలా మందులు చేర్చాలి. వత్సవాయి మండలంలో లింగాల, పోలంపల్లి, మక్కపేట, ఇంకా అటు పెనుగంచిప్రోలు, ఇటు జగ్గయ్యపేట ఊళ్లు. ఇన్నాళ్లూ ఎవరో ఒకరి బండి అడిగి తీసుకునేవాళ్లం. ఒకసారి అడిగిన బండి దొరక్క రెండు వారాలు వాయిదా వేసి వెళితే, ఆ ఇంట్లో అమ్మ షుగరు మందులు అయిపోయి అప్పటికే వారం దాటింది. ఆమె మమ్మల్ని ఏమీ అనలేదు. ఒక్క మాట అనివున్నా బాగుండేదనిపించింది.

ఇప్పుడు కాగితాలు. మనవాళ్లంతా దీన్ని 'వింటేజ్ బండి' అంటున్నారు. చట్టం లెక్క వేరు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారకుండా ఉన్నదే వింటేజ్. అలా రిజిస్టరైన బండిని ప్రదర్శనకో ర్యాలీకో తీయవచ్చు గానీ రోజువారీ పనికి రోడ్డెక్కించకూడదు. మన బండికి ఆ వయసు రాలేదు కాబట్టి మామూలు దారే: 15 ఏళ్లు నిండిన బండికి తనిఖీ చేయించి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. యజమాని పోయినందున ముందు ఫారం 31తో వారసుల పేరుకు, ఆ తరువాత 29, 30 ఫారాలతో సొసైటీ పేరుకు మారాలి. వారసుల్లో ఒకరు గల్ఫ్‌లో ఉండడంతో సంతకాలకే నెలలు పట్టింది. అందాకా బండిని ఆవరణ దాటించలేదు. దాతలకు మా మనవి ఒకటే. ఏ బండి ఇచ్చినా ఆర్సీ, ఇన్సూరెన్సు, వారసుల సంతకాలు కలిపి ఇవ్వండి.

ఇంత పాత బండికి సామాన్లు ఎక్కడ దొరుకుతాయని చాలామంది అడుగుతున్నారు. బుల్లెట్ విషయంలో ఆ భయం తక్కువ. ఇంగ్లండులోని రెడిచ్ కంపెనీతో కలిసి మద్రాస్ మోటార్స్ వాళ్లు 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. తిరువొత్తియూరులో ముందు విడిభాగాలు తెచ్చి బిగించారు, తరువాత అన్నీ అక్కడే తయారుచేశారు. సిలిండరు వెడల్పు 70, పిస్టను నడక 90 మిల్లీమీటర్లు ఉన్న ఆ ఇంజన్ పెద్దగా మారకుండా దాదాపు అర్ధ శతాబ్దం నడిచింది. పిస్టను నడక ఎక్కువ కాబట్టి తక్కువ వేగంలోనే బలం ఇస్తుంది. ఇద్దరు మనుషులు, మందుల సంచులతో గతుకుల రోడ్డు మీద గేరు మార్చకుండా లాగుతుంది. దూరాలు తిరిగేవాళ్లు దీన్ని ఇష్టపడేది అందుకే.

బండి చేతికొచ్చిన మొదటి రోజే తప్పు చేశాం. ఆయిల్ పుల్ల తీసి చూస్తే అడుగున తడి మాత్రమే ఉంది. ఆయిల్ లేదనుకుని లీటరు పోశాం. కిక్కు కొట్టగానే ఆవరణంతా నీలిపొగ, కింద ఆయిల్ మడుగు. సంగతేమిటంటే ఈ ఇంజన్‌లో ఆయిల్ నిలవ ఉండే గది వేరు, క్రాంకు తిరిగే గది వేరు. నెలల తరబడి కదలకపోతే ఆయిల్ పంపులోంచి మెల్లగా క్రాంకు గదిలోకి దిగిపోతుంది. పుల్లకు అందదు గానీ ఇంజన్‌లోనే ఉంటుంది. అలా నిలిచిపోయిన బండికి ముందు కింది ప్లగ్గులు విప్పి పాత ఆయిల్ మొత్తం తీసేసి, కొత్తది కొలిచి పోయాలి. రోజూ నడిచే బండికైతే కాస్త దూరం తిరిగొచ్చాక పుల్ల చూడాలి.

స్టార్టు చేయడంలో బలం కన్నా వరస ముఖ్యం. తాళం తిప్పి కిక్కరు మెల్లగా నొక్కుతూ హెడ్‌లైటు పైనున్న ఆంపియర్ మీటరు ముల్లును చూడాలి. ఎడమకు వాలిన ముల్లు మధ్యకు వచ్చిందంటే పాయింట్లు విడిపోయాయి, పిస్టను పైకి చేరిందన్నమాట. అప్పుడు డీకంప్రెసర్ పట్టుకుని కొద్దిగా దాటించి, వదిలేసి, కిక్కరును పైదాకా రానిచ్చి ఒక్కసారి నిండుగా తొక్కాలి. ముల్లు చూడకుండా తొక్కితే కిక్కరు ఎదురు తన్నవచ్చు, మోకాలు జాగ్రత్త.

మమ్మల్ని ఎక్కువ ఏడిపించిన రోగం ఇంకొకటి. పన్నెండు, పదమూడు కిలోమీటర్లు హాయిగా నడిచి, ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోయేది. చింతచెట్టు కింద పది నిమిషాలు ఉంటే మళ్లీ నడిచేది. ఎండకు కండెన్సర్ వేడెక్కుతోందని ఒక మిస్త్రీ దాన్నీ, కాయిల్‌నూ మార్చాడు. మళ్లీ ఆగింది. కార్బొరేటర్ కొత్తది వేయాలని ఇంకొకరు చెప్పారు. దానికి డబ్బు మంజూరు చేయాలా వద్దా అని కమిటీ కూర్చునే లోపు, ఆగిన చోట పెట్రోలు ఎంతుందో చూద్దామని మన కుర్రాడొకడు ట్యాంకు మూత తీశాడు. స్స్‌మని గాలి లోపలికి పోయింది. బండి ఒక్క కిక్కుకే స్టార్టయింది.

నూనె డబ్బాకు ఒకే చిల్లు పెడితే నూనె సరిగా రాదని మన ఇళ్లలో అందరికీ తెలుసు. రెండో చిల్లు గాలికి. పెట్రోలు కూడా తన బరువుతోనే కార్బొరేటర్‌లోకి దిగుతుంది. దిగినంత మేర పైనుంచి గాలి రావాలి. అందుకోసం మూతకు సన్నటి రంధ్రం ఉంటుంది. బండి మనకు ఇచ్చేముందు ఆ కుటుంబం ముచ్చటపడి ట్యాంకుకు, మూతకు కొత్త రంగు వేయించింది. ఆ రంగు రంధ్రాన్ని పూడ్చేసింది. సూదితో పొడిచాం, అంతే.

బాధ కలిగించింది కాయిల్‌కు పెట్టిన డబ్బు. దాన్ని ఆపే వీలుండేది. బండి ఆగిన వెంటనే స్పార్కు ప్లగ్గు విప్పి చూసి ఉంటే, పొడిగా ఉందంటే పెట్రోలు అందడం లేదని, తడిగా ఉందంటే నిప్పు పుట్టడం లేదని తెలిసేది. పెట్రోలు లేకపోతే మూత, ట్యాప్, ట్యూబు, ఫ్లోటు, జెట్టు వరసగా చూసుకోవాలి. నిప్పు లేకపోతే పాయింట్ల మసి తుడిచి, సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉందో లేదో ఫీలర్ గేజ్‌తో కొలవాలి. కండెన్సర్, కాయిల్ ఆ తరువాతే. ఇప్పుడు టూల్‌బాక్సులో ప్లగ్గు స్పానర్, గేజ్, గరుకు కాగితం ముక్క ఎప్పుడూ ఉంటాయి. ఏ మిస్త్రీ ఏ సామాను మార్చమన్నా, ప్లగ్గు ఎలా ఉందో రాసి ఉంటేనే డబ్బు ఇవ్వాలని కమిటీ తీర్మానించింది. ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలుకు పాత రబ్బరు ట్యూబులు మెత్తబడతాయి కాబట్టి వాటిని మాత్రం అడగకుండానే మార్చేశాం.

ప్రమాదం వైపు నుంచి చూస్తే ఇవన్నీ చిన్నవే. ఈ బండికి గేరు కుడికాలికి, వెనక బ్రేకు ఎడమకాలికి ఉంటాయి. మొదటి గేరు పైకి, మిగతా మూడూ కిందికి. ఇప్పటి బండ్లు నేర్చిన వాళ్లు కంగారులో బ్రేకనుకుని గేరు తొక్కుతారు. మనవాడొకడు అలా తొక్కి గేదె దాకా వెళ్లి ఆగాడు. గేదె కదల్లేదు, అల్లాహ్ దయ. అప్పటి నుంచి ఖాళీ స్థలంలో వారం రోజులు నేర్చుకున్న ముగ్గురికే తాళం ఇస్తున్నాం. ఆరు వోల్టుల లైటు వెలుగు చాలదు గనుక మగ్రిబ్ వేళకు బండి ఆవరణలో ఉండాలి. ఊగే ఇంజన్ నట్లు వదులుచేస్తుంది గనుక ప్రతి జుమాకు ముందు ఒకరు స్పానర్ పట్టుకుని చుట్టూ తిరుగుతారు. చైను వదులు అంగుళం మించకూడదు.

క్లచ్ వైపు మూత దగ్గర ఇంకా ఆయిల్ చెమ్మ కడుతోంది. ప్యాకింగ్ రెండుసార్లు మార్చినా ఆగలేదు. మూత అంచు వంగిందేమో అద్దం మీద పెట్టి చూడాలి. వచ్చే నెల మందుల తిరుగుడు అయ్యాక విప్పుతాం. అందాకా కింద ఒక రేకు పళ్లెం పెట్టాం. చూడాలనుకున్న దాతలు ఏ ఆదివారమైనా ఉదయం పదింటిలోపు రండి. పదికి బండి లింగాల వైపు బయలుదేరుతుంది.