మెయిల్ సర్వర్ పలకరింపు అమరికలు - ఎంపిక ప్రమాణాలు

1. ప్రవేశిక

ఉప్పల్ రోడ్డు వెంట సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ వంటి పరిశోధనసంస్థలు, వాటికి చేరువలో నాచారం పారిశ్రామికవాడ ఉన్నాయి. ఈ ప్రాంతంలో ఒక కళాశాల సొంత మెయిల్ సర్వర్ నెలకొల్పుతున్నదని భావిద్దాం. అక్కడి పరిశోధకుడు పంపిన వ్యాసం సంపాదకునికి చేరాలంటే, ముందుగా రెండు సర్వర్లు సక్రమంగా పలకరించుకోవాలి. ఆ పలకరింపు అమరికలలో దేనికి ఎంత ప్రాధాన్యం ఇవ్వాలో వివరించడం ఈ వ్యాసలక్ష్యం.

2. రెండు పలకరింపులు

మెయిల్ రవాణాకు ఆధారమైన ఎస్‌ఎంటీపీ నియమావళిని జాన్ పోస్టెల్ 1982లో ఆర్‌ఎఫ్‌సీ 821గా వెలువరించారు. 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5321 ప్రకారం, స్వీకరించే సర్వర్ 220 అనే సంఖ్యతో స్వాగతం పలుకుతుంది. పంపే సర్వర్ ‘ఎహ్లో’ ఆదేశంతో తన పేరు చెబుతుంది. కళాశాల సర్వర్ ఈ రెండు పాత్రలనూ నిర్వహిస్తుంది.

3. స్వాగతవాక్యం

ఇందులో సర్వర్ పూర్తి పేరు మొదట ఉండాలి. సాఫ్ట్‌వేర్ వెర్షన్‌ను ప్రకటించనవసరం లేదు; అయితే దానిని దాచినంత మాత్రాన లోపాలు తొలగవు. స్వాగతాన్ని కొద్దిగా ఆలస్యం చేయడం ఉపయోగకరం. పోస్ట్‌ఫిక్స్‌లోని ‘పోస్ట్‌స్క్రీన్’ సాధారణంగా 6 సెకన్లు వేచి చూస్తుంది. స్పామ్ పంపే ప్రోగ్రాములు కొన్ని ఆగలేక ముందే మాట్లాడి పట్టుబడతాయి. నియమావళి స్వాగతం కోసం 5 నిమిషాల వరకు నిరీక్షించమన్నది కనుక, సక్రమమైన సర్వర్లకు ఈ ఆలస్యం అడ్డు కాదు.

4. పరిచయనామం

పంపేటప్పుడు చెప్పే పేరు ‘లోకల్‌హోస్ట్’ కారాదు. ఆ పేరు సర్వర్ ఐపీ చిరునామాను చూపాలి. ఆ చిరునామాకు గల రివర్స్ డీఎన్‌ఎస్ నమోదు తిరిగి అదే పేరును చూపడం మేలు. ఈ నమోదు సాధారణంగా ఇంటర్నెట్ సంస్థ చేతిలో ఉంటుంది. కాబట్టి కళాశాల స్థిర ఐపీ తీసుకొనేటప్పుడే దానిని కోరాలి. పంపేవారందరికీ ఈ రెండువైపుల డీఎన్‌ఎస్ నమోదులు ఉండాలని జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుండి నిర్దేశిస్తున్నది.

స్వీకరించేటప్పుడు మాత్రం సంయమనం అవసరం. ఎహ్లో పేరు ఐపీ చిరునామాతో సరిపోలలేదన్న ఒక్క కారణంతో లేఖను తిరస్కరించరాదని ఆర్‌ఎఫ్‌సీ 5321 స్పష్టం చేస్తున్నది. కఠిననియమం విధించేముందు, దానివల్ల ఏ లేఖలు ఆగిపోతాయో కొన్నాళ్లు లాగ్‌లో పరిశీలించడం ఉచితం.

5. ముగింపు

పై పరిశీలననుబట్టి, రివర్స్ డీఎన్‌ఎస్ నమోదు, పరిచయనామం, స్వాగతవాక్యం అనే వరుసలో అమరికలను సరిచూసుకోవాలి. స్వాగతవాక్యం కంటికి కనిపించినంతగా మిగిలిన రెండూ కనిపించవు. కానీ పరిశోధకుని లేఖ గమ్యం చేరడం ప్రధానంగా వాటిపైనే ఆధారపడుతుంది.