పంక్తిలో వలపక్షం

తొలి క్రైస్తవులు ఎంత కలిసిమెలిసి ఉండేవారో చెప్పాలంటే అందరం అపొస్తలుల కార్యముల రెండో అధ్యాయమే తెరుస్తాం. ఉన్నది పంచుకున్నారు, ఇంటింటా రొట్టె విరిచారు. నిజమే. కానీ అదే పుస్తకంలో ఆరో అధ్యాయం సణుగుడుతో మొదలవుతుంది. వాళ్ల ఐక్యత ఎలాంటిదో నాకు తెలిసొచ్చింది అక్కడే.

గొడవ వడ్డన దగ్గర వచ్చింది. యెరూషలేము సంఘంలో అరమాయిక్ మాట్లాడే స్థానిక యూదులున్నారు, బయటి దేశాల నుంచి వచ్చి గ్రీకు మాట్లాడే యూదులూ ఉన్నారు. రోజూ పంచే ఆహారం గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు సరిగా అందడం లేదన్నది ఫిర్యాదు. భర్త పోయి, అయినవాళ్లు ఎక్కడో దూరదేశంలో ఉన్న ఆడమనిషికి ఆ పూట రొట్టె రాకపోతే తన తరఫున అడిగే దిక్కెవరు?

అపొస్తలులు సర్ది చెప్పి పంపేయలేదు. ఏడుగురిని మీరే ఎన్నుకోండి అన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు: ఏడూ గ్రీకు పేర్లే. నీకొలాసైతే పుట్టుకతో యూదుడు కూడా కాదు, అంతియొకయ నుంచి వచ్చి యూదమతంలో కలిసినవాడు. స్థానికుల్లోనూ గ్రీకు పేర్లవాళ్లు ఉండేవారు కాబట్టి పేర్లతోనే అంతా తేల్చలేం. అయినా నాకైతే, అన్యాయం జరిగిందన్నవాళ్ల చేతికే గరిటె ఇచ్చారనిపిస్తుంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటాం కదా, కడబంతివాళ్లకే ఆ ధైర్యం కలిగించారు.

పంచుకోవడం బలవంతంగానూ జరగలేదు. కుప్ర ద్వీపానికి చెందిన బర్నబా పొలం అమ్మి డబ్బు తెచ్చాడు. మార్కు తల్లి మరియకు సొంతిల్లు ఉండనే ఉంది, చెరసాల నుంచి బయటపడ్డ పేతురు వెళ్లి తలుపు తట్టింది ఆ ఇంటిదే.

ఇరవై ఏళ్లు దాటాక, 55 ప్రాంతంలో, కొరింథులో అదే రోగం ఇంకో రూపంలో బయటపడింది. సంఘం ఎవరో ఒకరి ఇంట్లో కూడి భోంచేసేది. రోమన్ ఇళ్లలో భోజనాల గదిలో మామూలుగా తొమ్మిది మందికే చోటు, మిగతావాళ్లు బయట వాకిట్లో సర్దుకోవాల్సిందేనని పండితుల ఊహ. కలిగినవాళ్లు తెచ్చుకున్నది తినేసి, తాగేసేవారు. పని ముగించుకుని వచ్చే కూలీకి, యజమాని వదిలితేగాని కదలలేని దాసుడికి ఖాళీ గిన్నెలు మిగిలి ఉంటాయి. ఒకరు ఆకలితో, ఒకరు మత్తులో ఉంటే అది ప్రభువు భోజనమే కాదని పౌలు వాళ్లకు పంపిన ఉత్తరంలో తెగేసి రాశాడు. ఆయన చెప్పిన మందు చాలా చిన్నది: ఒకరికోసం ఒకరు ఆగండి. మన సంఘాల్లో బల్ల తీసుకునేటప్పుడు తరచూ చదివే మాటలు ఆ ఉత్తరంలోని అదే అధ్యాయంలోవే. వాటికి ముందున్న ఈ తగవును మాత్రం చదవకుండా దాటేస్తాం.

అంతియొకయలోనూ గొడవ పంక్తిలోనే పుట్టింది. యూదేతరులతో కూర్చుని తింటున్న పేతురు, యెరూషలేము నుంచి కొందరు రాగానే భయపడి లేచి పక్కకు తప్పుకున్నాడు. బర్నబా కూడా ఆయన వెంటే నడిచాడు. పౌలు అందరి ఎదుటే నిలదీశాడు. సహపంక్తి భోజనాల కోసం మన ఊళ్లలో ఎంత పెనుగులాట జరిగిందో తెలిసినవాళ్లకు ఆ కోపం వేరే వివరించక్కర్లేదు.

కొరింథు గొడవ జరిగిన వందేళ్లకు, 155 ప్రాంతంలో, రోమ్‌లో ఉన్న జస్టిన్ అనే క్రైస్తవ బోధకుడు తమ ఆదివారం కూడిక ఎలా సాగుతుందో చక్రవర్తి ఆంటోనినస్ పయస్‌కు విన్నపంగా రాశాడు. కలిగినవాళ్లు ఇష్టం కొద్దీ ఇచ్చిన డబ్బుతో అనాథలను, విధవరాండ్రను, రోగులను, ఖైదీలను, ఊరికి కొత్తగా వచ్చినవాళ్లను చూసుకునేవారట. కూడికకు రాలేనివాళ్ల వంతు రొట్టెను కూడా తీసిపెట్టి, పరిచారకులు వాళ్లకు చేరవేసేవారట.