గోడ ఎక్కకముందు తాడు పట్టండి



పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగాలకు ప్రకటన వచ్చిందంటే చాలు, మన పల్లెల్లో తెల్లవారకముందే బడి మైదానము నిండిపోతుంది. పరుగుతో పాటు లాంగ్ జంప్ కూడా ఉంటుంది గనుక కొందరు పిల్లలు ప్రహరీ గోడ ఎక్కి, గట్టి నేల మీదికి దూకి సాధన చేస్తారు. కొద్ది రోజులకే మోకాలు పట్టుకొని కూర్చుంటారు. పరీక్ష నాటికి నడవడమే కష్టమవుతుంది. లోపము వారి కష్టములో లేదు, పద్ధతి తెలియకపోవుటలో ఉన్నది.

ఈ గెంతుల సాధనను ప్లయోమెట్రిక్స్ అంటారు. 1975లో అమెరికా శిక్షకుడు ఫ్రెడ్ విల్ట్ ఈ పేరు పెట్టాడు. గ్రీకులో ‘ప్లెయోన్’ అంటే ఎక్కువ, ‘మెట్రాన్’ అంటే కొలత. క్రొత్త నిబంధన గ్రీకు చదివినవారికి ఇవి తెలిసిన మాటలే. అయితే పేరు కంటే పని ముందు పుట్టింది. సోవియట్ శిక్షకుడు యూరీ వెర్ఖోషాన్స్కీ 1960 దశకములోనే తన క్రీడాకారులను ఎత్తయిన పెట్టె మీదనుండి దిగి, నేల తాకిన వెంటనే పైకి ఎగిరేలా సాధన చేయించాడు.

ఇందులోని కిటుకు ఏమిటి? గోడ పక్కన నిలబడి ఒక పరీక్ష చేసి చూడండి. మోకాళ్లు వంచి, మూడు లెక్కపెట్టేవరకు ఆగి, పైకి ఎగిరి సుద్దముక్కతో గీత పెట్టండి. తరువాత చటుక్కున వంగి, ఆగకుండా ఎగరండి. రెండవ గీత సాధారణముగా పైన పడుతుంది. ఎందుకనగా కండరము, దానిని ఎముకకు కట్టి ఉంచే నరము రబ్బరువలె సాగి, ఆ సాగిన బలమును తిరిగి ఇస్తాయి. ఆలస్యమైతే ఆ బలము వేడిగా మారి వృథా అవుతుంది. నేలను ఎంత త్వరగా విడిచితే అంత లాభము.

అయితే ఎత్తునుండి దిగినప్పుడు శరీర బరువుకు ఎన్నో రెట్ల ఒత్తిడి కాళ్లపై పడుతుంది. అందుచేత వెర్ఖోషాన్స్కీ పద్ధతి ఏండ్ల తరబడి బలము కూడగట్టుకున్న క్రీడాకారులకే తగినది. క్రొత్తవారు గోడతో కాదు, తాడాటతో మొదలుపెట్టాలి. మన ఆడపిల్లల తొక్కుడుబిళ్ల కూడా ఒక విధముగా ఈ సాధనే!

కొన్ని జాగ్రత్తలు గుర్తుంచుకోండి:

ముందు పది నిమిషములు మెల్లగా పరుగెత్తి ఒళ్లు వేడెక్కించుకోవాలి. సిమెంటు మీద గాక గడ్డి నేల మీద గెంతాలి. దిగేటప్పుడు మోకాళ్లు కొద్దిగా వంచాలి. అవి లోపలికి వాలకూడదు. చప్పుడు పెద్దగా వచ్చిందంటే దిగుట సరిగా లేదన్నమాట. క్రొత్తవారికి ఒక పూటకు 80 నుండి 100 గెంతులు మించరాదు. వారానికి రెండుసార్లు చాలు. మధ్యలో కనీసము 48 గంటలు విశ్రాంతి కావాలి. కండరము బాగుపడేది ఆ విశ్రాంతిలోనే. పప్పు, గ్రుడ్డు, పాలు, చాలినంత నిద్ర కూడా సాధనలో భాగమే. మోకాలిచిప్ప క్రింద నొప్పి మొదలైతే ఓర్చుకొని గెంతుట ధైర్యము కాదు; ఆపి డాక్టరుకు చూపించాలి. పెద్ద వయసువారికి, మోకాళ్ల నొప్పులున్నవారికి నడకే మేలు.

తలిదండ్రులారా, రేపు తెల్లవారుజామున ఒకసారి మైదానము వరకు వెళ్లండి. మీ అబ్బాయి ఎక్కడనుండి, ఏ నేల మీదికి దూకుచున్నాడో చూచి రండి.