కట్ గీతకు అటూ ఇటూ

బెంగళూరులో దొమ్ములూరు నుంచి కోరమంగళకు వెళ్లే ఇంటర్మీడియట్ రింగ్ రోడ్డు మీద రోజూ వేలమంది తెలుగు ఇంజినీర్లు ప్రయాణిస్తుంటారు. వాళ్లలో చాలామంది ఎంబసీ గోల్ఫ్‌లింక్స్ అద్దాల భవనాల్లోనే పనిచేస్తారు. ఆ భవనాలను ఆనుకుని చెట్ల మధ్య విశాలంగా పరుచుకున్న పచ్చిక కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ కోర్సు. బ్రిటిష్ ఓపెన్‌ను ఐదుసార్లు గెలిచిన ఆస్ట్రేలియా ఆటగాడు పీటర్ థామ్సన్ దానికి రూపకల్పన చేశాడు. 2012లో ఇండియన్ ఓపెన్ అక్కడే జరిగింది, థాయ్‌లాండ్ ఆటగాడు థావోర్న్ విరాచంత్ గెలిచాడు. 2018లో ఇరవై ఏళ్ల విరాజ్ మాదప్ప ఆసియన్ టూర్ టైటిల్ అందుకున్నదీ ఆ కోర్సులోనే. దేశవాళీ ప్రొఫెషనల్ టూర్ కూడా ఇక్కడ పోటీలు నడుపుతుంటుంది. అయినా పక్క భవనాల్లో పనిచేసే వాళ్లలో ఎక్కువమందికి ఆ సంగతే తెలియదు.

తెలియకపోవడంలో వింతేమీ లేదు. మన దేశంలో గోల్ఫ్ అంటే క్లబ్బు సభ్యత్వాలూ, పెద్ద అధికారుల ఆదివారాలూ అనే పేరు స్థిరపడిపోయింది. కానీ ఆ ఆటే వృత్తిగా, సంపాదనంతా దాని మీదే ఆధారపడి బతికేవాళ్లు వందల్లో ఉన్నారు. వాళ్ల లోకమే ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ ఆఫ్ ఇండియా. అందరూ పీజీటీఐ అంటారు. 2006లో మొదలైన ఈ సంస్థకు 2024 నుంచి క్రికెటర్ కపిల్ దేవ్ అధ్యక్షుడు.

టూర్‌కు సొంత మైదానం ఉండదు, ఊళ్లు తిరగడమే దాని పని. ఏడాది మొదట్లో బయల్దేరి డిసెంబరు దాకా సాగుతుంది. ఢిల్లీలో పొదల మధ్య ఇరుకు దారుల లోధీ కోర్సు, కోల్‌కతాలో 1829లో పుట్టిన రాయల్ కలకత్తా క్లబ్బు, చండీగఢ్, అహ్మదాబాద్, అస్సాంలో చమురు బావుల ఊరు దిగ్బోయ్, ఒక్కోసారి ఢాకా, కొలంబో కూడా ఆ దారిలో తగులుతాయి. హైదరాబాద్‌లో గోల్కొండ కోట నయా ఖిల్లా పక్కనున్న కోర్సులో గోల్కొండ మాస్టర్స్ జరుగుతుంది. విశాఖలో ఈస్ట్ పాయింట్ క్లబ్బు ఆతిథ్యమిస్తుంది. ఒకచోట సముద్రపు గాలి, మరోచోట ఎండకు బిగిసిన నేల, ఇంకోచోట చెరువులు. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఇక్కడి గాలి పలచన కాబట్టి అదే దెబ్బకు బంతి కొంచెం ఎక్కువ దూరం పోతుంది. నిన్నటి ఊళ్లో సరిగ్గా పడిన షాట్ ఇవాళ గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) దాటిపోవచ్చు. అందుకే పోటీ మొదలయ్యే ముందే ఆటగాడు సంచి మోసే క్యాడీని వెంటబెట్టుకుని ప్రాక్టీస్ రౌండ్ ఆడతాడు. ఎక్కణ్నుంచి ఎంత దూరం, గ్రీన్ ఎటు వాలుగా ఉంది, ఇసుక గుంతలు ఎక్కడున్నాయి అన్నీ చిన్న పుస్తకంలో రాసుకుంటాడు.

ఒక్కో పోటీకి సుమారు 120 మంది దిగుతారు. నాలుగు రోజులు, రోజుకు పద్దెనిమిది హోల్స్, మొత్తం 72. ముగ్గురేసి బృందాలుగా బయల్దేరుతారు. కొందరు మొదటి హోల్ నుంచి, కొందరు పదో హోల్ నుంచి మొదలుపెడతారు. తొలిరోజు పొద్దున ఆడినవాళ్లకు రెండో రోజు మధ్యాహ్నం వంతు వస్తుంది. పొద్దుట గాలి నిలకడగా ఉంటుంది, గ్రీన్ మీద ఇంకా ఎవరి అడుగులూ పడి ఉండవు. ఆ సౌకర్యం అందరికీ సమానంగా అందాలనే ఈ మార్పిడి. సంచిలో పద్నాలుగు క్లబ్బులకు మించి ఉండకూడదు. ఎవరి స్కోరు వాళ్లు కాకుండా తోటి ఆటగాడు రాస్తాడు. చివర్లో సరిచూసుకుని సంతకం చేయాల్సిన బాధ్యత మాత్రం ఎవరిది వాళ్లదే. ఒక హోల్‌కు నిజంగా కొట్టినదాని కన్నా తక్కువ అంకె ఉన్న కార్డు మీద సంతకం పెడితే సాధారణంగా పోటీ నుంచి తప్పిస్తారు.

లెక్క తెలిస్తే ఆట తేలిగ్గానే అర్థమవుతుంది. ప్రతి హోల్‌కూ మూడో, నాలుగో, ఐదో దెబ్బలని ముందే నిర్ణయించి ఉంటుంది. అది పార్. ఒకటి తక్కువలో ముగిస్తే బర్డీ, ఒకటి ఎక్కువైతే బోగీ. కోర్సు మొత్తం పార్ 72 అయితే నాలుగు రోజులకు 288. అంతకన్నా ఎంత తక్కువలో ముగిస్తే అంత పైకి.

రెండో రోజు సాయంత్రం కట్ పడుతుంది. 36 హోల్స్ ముగిసేసరికి మొదటి 50 స్థానాల్లో ఉన్నవాళ్లూ, యాభయ్యో స్థానంలో సమంగా నిలిచినవాళ్లూ మాత్రమే మిగతా రెండు రోజులు ఆడతారు. తక్కిన వాళ్లంతా పెట్టె సర్దుకోవాలి. వాళ్లకు పైసా రాదు. రైలు, విమానం, లాడ్జి, భోజనం, ప్రవేశ రుసుము, క్యాడీ కూలి ఎవరి ఖర్చు వాళ్లదే. ఉద్యోగికి నెల తిరిగితే జీతం పడుతుంది. ఆటగాడు మాత్రం రెండు రోజులు బాగా ఆడి, ఆఖరి హోల్‌లో రెండడుగుల పుట్ (బంతిని హోల్‌లోకి దొర్లించే దెబ్బ) జారవిడిస్తే ఆ వారం చేతి డబ్బు వదులుకుని ఊరు మారతాడు. కోటి రూపాయల పోటీలో విజేతకు 15 లక్షలు, రెండో స్థానానికి 10 లక్షలు. పైన నిలిచిన ఇద్దరి మధ్య ఒక్క దెబ్బ విలువ ఐదు లక్షలు కావచ్చు. కింద కట్ గీత దగ్గర అదే దెబ్బ కొంత ఆదాయానికీ సున్నాకూ మధ్య తేడా.

ఒక్క దెబ్బ ఎంత బరువుగా ఉంటుందో బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ దేశానికంతటికీ చూపించింది. టోక్యో ఒలింపిక్స్ నాటికి ఆమె ప్రపంచ ర్యాంకు 200. 2021 ఆగస్టులో కసుమిగసెకి కోర్సులో నాలుగు రోజులూ పతకాల వరుసను వదలకుండా ఆడింది. తల్లి మహేశ్వరి క్యాడీగా సంచి మోసింది. ఆఖరి హోల్‌లో కొట్టిన బర్డీ పుట్ త్రుటిలో తప్పింది. అదితి పార్ కన్నా 15 తక్కువలో ముగించి నాలుగో స్థానంలో నిలిచింది. కాంస్యం గెలిచిన న్యూజిలాండ్ అమ్మాయి లిడియా కో స్కోరు 16 తక్కువ. అంతకు ఐదేళ్ల ముందు, రియోలో, పద్దెనిమిదేళ్ల అదితికి తండ్రి అశోక్ క్యాడీగా నిలిచాడు. ఆ ఏడాదే ఆమె మహిళల ఇండియన్ ఓపెన్ గెలిచి, లేడీస్ యూరోపియన్ టూర్‌లో టైటిల్ సాధించిన తొలి భారతీయురాలైంది. టోక్యోలో ఆఖరి రౌండ్ జరిగిన ఆ శనివారం ఉదయం గోల్ఫ్ నియమాలు తెలియని ఇళ్లలో కూడా టీవీలు నడిచాయి.

బెంగళూరుకు ఈ ఆటతో ఉన్న సంబంధం చాలా పాతది. హైగ్రౌండ్స్‌లోని బెంగళూరు గోల్ఫ్ క్లబ్బు 1876లో మొదలైంది. దొరలు ఆడితే, సంచులు మోసినవాళ్లు చుట్టుపక్కల పేటల కుర్రాళ్లు. దశాబ్దాల తరబడి మన దేశంలో ప్రొఫెషనల్ గోల్ఫ్‌ను నిలబెట్టింది ఆ క్యాడీ కుర్రాళ్లే. ఎవరో వదిలేసిన పాత క్లబ్బుతో, కోర్సు ఖాళీగా ఉన్న వేళల్లో, చూసి నేర్చుకున్నారు. ఢిల్లీలో క్యాడీగా పెరిగిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచి, తర్వాత 1993లోనూ గెలిచాడు. ఆ పోటీ నెగ్గిన తొలి భారతీయ ప్రొఫెషనల్ అతనే. 2009లో గుర్గావ్‌లో అదే ఇండియన్ ఓపెన్‌లో బెంగళూరు క్యాడీగా జీవితం మొదలుపెట్టిన సి.మునియప్ప కొరియా ఆటగాడు లీ సంగ్‌తో సమంగా నిలిచి, ప్లేఆఫ్‌లో గెలిచాడు. విదేశీ టూర్ల ఆటగాళ్లు నిండిన పోటీలో ఎవరి సంచో మోసిన మనిషి టైటిల్ ఎత్తడం ఈ ఆట మీదున్న ధనికుల ముద్రకు గట్టి జవాబు.

మునియప్ప తర్వాతి తరం ప్రతినిధి ఎస్.చిక్కరంగప్ప. మైసూరు రోడ్డులో బిడది దగ్గరున్న ఈగల్టన్ గోల్ఫ్ రిసార్టు పక్క పల్లెలో పెరిగాడు. చిన్నతనంలోనే కోర్సులో పనికి చేరాడు. అక్కడ శిక్షణ ఇస్తున్న కోచ్ విజయ్ దివేచా ఆ కుర్రాడి చేతిలోని ఆటను గుర్తించాడు. 2015లో పీజీటీఐ ఆర్డర్ ఆఫ్ మెరిట్‌లో, అంటే ఏడాది మొత్తం సంపాదన పట్టికలో, చిక్కరంగప్పది మొదటి స్థానం. అదే ఈగల్టన్‌లో అదే దివేచా దగ్గర అనిర్బన్ లాహిరి కూడా సాధన చేశాడు. లాహిరి 2015లో ఆసియన్ టూర్ ఆర్డర్ ఆఫ్ మెరిట్ గెలిచాడు, అమెరికాలో పీజీఏ చాంపియన్‌షిప్‌లో ఐదో స్థానంలో సమంగా నిలిచాడు, 2022లో ప్లేయర్స్ చాంపియన్‌షిప్‌లో రెండో స్థానం పొందాడు. సైనిక వైద్యుడి కొడుకు లాహిరి, పల్లె కుర్రాడు చిక్కరంగప్ప ఒకే ప్రాక్టీస్ రేంజ్‌లో పక్కపక్కన బంతులు కొడుతూ ఎదిగారు. ఖాలిన్ జోషి, త్రిశూల్ చిన్నప్ప లాంటి మరికొందరు బెంగళూరు ఆటగాళ్లు కూడా టూర్‌లో గెలిచారు. ఖాలిన్ 2018లో ఢిల్లీలో పానసోనిక్ ఓపెన్ ఇండియా నెగ్గాడు.

ఈ వృత్తిలో ఒక ఊరట ఉంది. ముప్పై ఐదు దాటితే క్రికెటర్‌ను రిటైర్‌మెంట్ ఎప్పుడని అడుగుతారు. గోల్ఫ్‌లో వయసు అంతగా అడ్డు కాదు. మధ్యప్రదేశ్‌లోని మౌ పట్టణానికి చెందిన ముకేశ్ కుమార్ తన తొలి ఆసియన్ టూర్ టైటిల్‌ను 2016లో, 51 ఏళ్ల వయసులో గెలిచాడు. అదే మౌకు చెందిన ఓంప్రకాశ్ చౌహాన్ 2023లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ విజేత. ఆ ఏడాది అతని సంపాదన కోటి దాటింది. మరుసటి ఏడాది గురుగ్రామ్ ఆటగాడు వీర్ అహ్లావత్ కోటిన్నర కూడా దాటించాడు. గతంలో ముప్పై, నలభై లక్షల ప్రైజ్ మనీతో సరిపెట్టిన పోటీలు ఇప్పుడు చాలావరకు కోటికి చేరడమే దీనికి కారణం. స్టీలు, చమురు, రియల్ ఎస్టేట్ సంస్థలు స్పాన్సర్లుగా నిలబెట్టిన డబ్బు ఇది. స్పాన్సర్ తప్పుకుంటే పోటీయే క్యాలెండర్ నుంచి మాయమవుతుంది.

మహిళల పరిస్థితి ఇంకా అంతంతమాత్రంగానే ఉంది. విమెన్స్ గోల్ఫ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా నడిపే హీరో విమెన్స్ ప్రో గోల్ఫ్ టూర్‌లో పోటీలు మూడు రోజులు, 54 హోల్స్. ఒక్కో పోటీ ప్రైజ్ మనీ పురుషుల పోటీ ప్రైజ్ మనీలో చిన్న భాగమే. బెంగళూరు కోర్సులు ఈ టూర్‌కు తరచూ ఆతిథ్యమిస్తాయి. మైసూరు అమ్మాయి ప్రణవి అర్స్ ఈ టూర్‌లో ఆరితేరి యూరప్ బాట పట్టింది. హైదరాబాద్ అమ్మాయి స్నేహా సింగ్ టీనేజీలోనే ఇక్కడ టైటిళ్లు గెలిచింది. అంత కష్టపడి గెలిచిన టైటిల్ కూడా ప్రయాణాల ఖర్చు, కోచ్ ఫీజు, పరికరాలు పోను ఎంత మిగులుస్తుందనేది ప్రతి కుటుంబం వేసుకునే లెక్క. అదితి నాలుగో స్థానానికి చప్పట్లు కొట్టిన దేశం, ఆమె తొలి అడుగులు వేసిన ఈ టూర్‌కు కూడా అంతే అండ ఇవ్వాలి. ఇంట్లో మద్దతు ఉన్న అమ్మాయిలే కాక, ఈగల్టన్ పక్క పల్లెలాంటి చోట్ల నుంచి కూడా అమ్మాయిలు రావాలంటే ప్రైజ్ మనీ పెరగడం తప్ప దగ్గరి దారి లేదు.

పురుషుల టూర్ చివరి మజిలీ జంషెడ్‌పూర్. డిసెంబరులో టాటా స్టీల్ టూర్ చాంపియన్‌షిప్ బెల్దీ, గోల్మురి కోర్సుల్లో జరుగుతుంది. సీజన్‌లో పెద్ద ప్రైజ్ మనీ ఉన్న పోటీల్లో ఇదొకటి. టైటిల్ గెలవడం ఎంత ముఖ్యమో, ఆఖరి పుట్‌తో ఏడాది పట్టిక ఎలా తేలుతుందనేదీ అంతే ముఖ్యం. ఇటీవలి సంవత్సరాల్లో పట్టిక పైనున్న ఆటగాడికి యూరప్‌లోని డీపీ వరల్డ్ టూర్‌లో ఆడే అవకాశం దక్కుతోంది. 2022లో అగ్రస్థానం పొందిన మను గండాస్ అలాగే అక్కడికి వెళ్లాడు. పట్టికలో సుమారు మొదటి అరవై మందికి మరుసటి ఏడాది టూర్ కార్డు నిలుస్తుంది. ఆ అంకెకు ఒక మెట్టు కింద ఆగినవాడు, టైటిళ్లు గెలిచిన పెద్దవాడైనా, సీజన్ మొదట్లో క్వాలిఫయింగ్ స్కూల్‌కు పేరు నమోదు చేసుకోవాలి. అప్పుడే అమెచ్యూర్ స్థాయి దాటి వచ్చిన పందొమ్మిదేళ్ల కుర్రాళ్లతో కలిసి తుది దశ నాలుగు రౌండ్లూ దాటితేనే మళ్లీ కార్డు చేతికొస్తుంది.