తెర వెలుగని కంప్యూటరు

క్రొత్తగా బిగించిన కంప్యూటరు మీట నొక్కగనే పంకాలు గిరగిర తిరుగును. లోపల దీపములు వెలుగును. తెర మాత్రము నల్లగనే యుండిపోవును. మానిటరుమీద "సిగ్నలు లేదు" అను మాట కొంతసేపు కనబడి యదియు మాయమగును. అట్టి సమయమున చూచువారందఱు నొక్క నిర్ణయమునకే వత్తురు: యంత్రము కాలిపోయినది, సొమ్ము పోయినది. ఆ నిర్ణయము పెక్కుమారులు తొందరపాటే యగును.

మా విజ్ఞానశాస్త్రపు గదిలో నిట్టి సంగతియే జరిగినది. తల్లిదండ్రుల చందాలతో కొన్న భాగములను విద్యార్థులచేతనే బిగింపించితిమి. మీట నొక్కితిమి, తెర వెలుగలేదు. ప్రాసెసరు నమర్చినవాడు పదవ తరగతి బాలుడు. మేము కొన్న ప్రాసెసరు ఏఎమ్ 4 తరగతిది. దాని యడుగున 1331 సన్నని సూదులుండును. వానిలో నొకటి వంగినను యంత్రము పని చేయకపోవచ్చును. కావున అందఱి చూపులును ఆ బాలునిమీద పడినవి. అతడు గోడవారగా చేతులు కట్టుకొని మాటలేక నిలుచుండెను. ఆ దినమున మేమును అతనిని అనుమానించితిమని యొప్పుకొనవలసియున్నది.

ఈ సంగతి తెలియుటకు, మీట నొక్కిన పిమ్మట లోపల ఏమి జరుగునో ముందుగా తెలిసికొనవలెను. మదర్ బోర్డుమీద నొక చిన్న చిప్పులో బయోసు అను ప్రోగ్రాము వ్రాయబడియుండును. అది మేల్కొని, యంత్రములోని ముఖ్యభాగములు సరిగా నున్నవో లేవో పరీక్షించును. ఈ పరీక్షకు పోస్టు అని పేరు. ప్రాసెసరు, ర్యాము, గ్రాఫిక్స్ భాగము సిద్ధమైన పిమ్మటనే తెరమీద అక్షరము కనబడును. కావున అంతకుముందు ఏ భాగమున చిక్కు వచ్చినను, ఆ మాట తెరమీద చెప్పుటకు యంత్రమునకు వీలులేదు. తెర నల్లగా నున్నదన్నమాత్రమున ఫలానా భాగము చెడినదని తేలదు.

తెరతో చెప్పలేనిది వేఱొకవిధముగా చెప్పుటకు ఏర్పాటు ఆదినుండియు కలదు. 1981వ సంవత్సరమున వెలువడిన ఐబీఎమ్ పీసీలో అంతయు సరిగా నున్నయెడల నొక చిన్న కూత వినబడెడిది. ఒక దీర్ఘమైన కూతయు, రెండు చిన్న కూతలును వినబడినచో చిత్రము పంపు భాగములో చిక్కున్నదని యర్థము. నేటి బోర్డులలో పెక్కింటికి కూత బదులు నాలుగు చిన్న దీపములుండును. వాని ప్రక్కన సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని వ్రాసియుండును. పరీక్ష ఏ భాగమువద్ద ఆగినదో ఆ దీపము వెలుగుచు నిలుచును. ఆ దీపములు ధాన్యపుగింజంత యుండుటచేత, పంకాల రంగురంగుల వెలుతురులో వానిని చూచువారు తక్కువ. మేమును చూడలేదు!

పంకా తిరుగుచున్నది గదా, యంత్రమునకు ప్రాణమున్నట్లే యని కొంద ఱందురు. అది సరికాదు. పవర్ సప్లైనుండి 24 సూదుల పెద్ద తీగకట్ట బోర్డునకు వచ్చును. ప్రాసెసరునకు మాత్రము బోర్డు పైమూలను వేఱుగా 8 సూదుల తీగ తగిలింపవలెను. ఈ రెండవది మఱచినను పంకాలు యథాప్రకారముగా తిరుగవచ్చును, ప్రాసెసరు మాత్రము మేల్కొనదు. మా యంత్రములో నిది సరిగనే యున్నది.

ఇంకొక హెచ్చరిక. డీడీఆర్ 5 ర్యాము గల క్రొత్త యంత్రములు మొదటిసారి వెలిగించినపుడు ఆ ర్యామునకు తగిన కొలతలను తామే సరిచూచుకొనుచు కొన్ని నిమిషములు తెర చూపకుండ నుండవచ్చును. ఓర్పులేక మరల మరల మీట నొక్కువారు ఆ పనిని మరల మరల చెడగొట్టుచుందురు. మాది డీడీఆర్ 4; అయినను పది నిమిషములు వేచితిమి. ఫలము లేకపోయెను.

పరీక్ష ఎప్పుడును వెలుపలినుండి లోపలికి సాగవలెను. మానిటరునకు కరెంటు వచ్చుచున్నదా, దానిలో ఎన్నుకొన్న దారియు మనము తగిలించిన దారియు నొకటియేనా, కేబులు గట్టిగా నున్నదా అని ముందు చూడవలెను. మేము కేబులు రెండు కొనలను నొక్కి చూచితిమి, బిగువుగనే యున్నవి. అంతటితో తృప్తిపడి ముందునకు పోయితిమి.

పెట్టె విప్పుటకు ముందు స్విచ్చి కట్టి, తీగను గోడనుండి ఊడదీసి, మీటను కొన్ని క్షణములు నొక్కి మిగిలిన కరెంటును పోనీయవలెను. రంగు వేయని ఇనుపభాగమును చేతితో తాకినచో మన దేహమునందలి నిలువ విద్యుత్తు పోవును. అయితే పవర్ సప్లై యను చిన్న పెట్టెను మాత్రము విద్యార్థు లెన్నడును విప్పరాదు. తీగ ఊడదీసిన పిమ్మటను దానిలోని కెపాసిటర్లు ప్రాణాపాయకరమైన విద్యుత్తును నిలువయుంచుకొనవచ్చును.

మూత తీసి మరల వెలిగించి చూడగా డీర్యామ్ అను దీపము వెలుగుచుండెను. బాలుని ముఖమున కొంత కళ వచ్చెను; కాని న్యాయముగా చెప్పవలెనన్న, ఆ దీపమువలన నతడు పూర్తిగా నిర్దోషి యని తేలలేదు. ర్యామును నడపు భాగము ఈ కాలపు ప్రాసెసరులలోపలనే యుండును గనుక, సూది వంగినను ఆ దీపమే వెలుగవచ్చును. అందుచేత సులువైన దానిని ముందు చూడ నిశ్చయించితిమి. రెండు ర్యాముకడ్డీలను తీసి, నాలుగు గాళ్లలో ప్రాసెసరువైపునుండి రెండవదానిలో నొక్కదానినే పెట్టితిమి. పాత ర్యాముయొక్క పసుపుపచ్చని అంచును రిపేరువారు పెన్సిలు రబ్బరుతో తుడుచుట చూచియుందుము; క్రొత్తదానికి ఆ పని యక్కరలేదు. కావలసినది బలము. చేయి వణకకుండ, టక్కుమని గొళ్లెము పడువఱకు నొక్కవలెను. మేము మొదట పెట్టినపుడు ఒక కొన దిగినది, రెండవ కొన దిగలేదు. బోర్డు విఱుగునేమో యన్న భయముచేత నొక్కుట మానితిమి కాబోలు.

ఇటువంటి సమయమున నొక్కసారికి నొక్క మార్పే చేయవలెను. రెండు మార్పులు చేసి యంత్రము బాగుపడినచో ఏది బాగుచేసినదో తెలియదు. తక్కిన కారణములు గూడ కలవు: ఏఎమ్ 4 బోర్డులు 2017వ సంవత్సరమునుండి వచ్చుచుండగా మా రైజెన్ 5 5600 ప్రాసెసరు 2022లో వెలువడినది గనుక, పాత బయోసు దానిని గుర్తింపకపోవచ్చును, బోర్డు క్రింద అక్కరలేని చోట ఇత్తడి మర యుండి తగులవచ్చును, బయోసు అమరికలు చిక్కుపడినచో 3 వోల్టుల గుండ్రని బ్యాటరీని కొంతసేపు తీసి పెట్టవలసిరావచ్చును. వానిజోలికి పోవలసిన యవసరము మాకు కలుగలేదు.

ఒక్క ర్యాముతో వెలిగించితిమి. డీర్యామ్ దీపము ఆరెను. వీజీఏ దీపము వెలిగి యదియు ఆరెను. బూట్ దీపము వెలిగి నిలిచెను. డిస్కులో నింకను ఏమియు వ్రాయలేదు గనుక అది వెలుగుట సహజమే. అనగా ప్రాసెసరు బాగున్నది, ర్యాము బాగున్నది, గ్రాఫిక్స్ కార్డు బాగున్నది. తెర మాత్రము నల్లగనే యున్నది!

అప్పుడు ఆ బాలుడు పెట్టె వెనుకకు పోయి, "అయ్యా, కేబులు పైగాడిలో నున్నది" అనెను. పెట్టె వెనుక చిత్రపు కేబులు తగిలించు చోటులు రెండున్నవి: పైది మదర్ బోర్డుది, క్రిందిది గ్రాఫిక్స్ కార్డుది. రైజెన్ 5 5600 ప్రాసెసరులో చిత్రము పుట్టించు భాగమే లేదు; 5600జి అను దానిలో కలదు. ఇంటెల్‌వారి ప్రాసెసరులలో పేరు చివర ఎఫ్ అను అక్షరమున్నవానిలో లేదు. అట్టి ప్రాసెసరు వేసినను బోర్డుమీది గాడి యుండనే యుండును, దానిగుండ ఏమియు రాదు. కార్డు కొనకుండ సొమ్ము మిగుల్చుకొనదలచిన తల్లిదండ్రులు ఈ యొక్క అక్షరమును దుకాణములోనే చూచుకొనవలెను.

కేబులును బాలుడే తీసి క్రిందిగాడిలో పెట్టెను. తెరమీద బయోసు పుట కనబడెను. ర్యాము 8 జీబీ యని చూపెను. ఆ కేబులును ముందటిదినమున పైగాడిలో తగిలించినవారము మేమే. మఱునాడు ఉదయ ప్రార్థన ముగిసిన పిమ్మట విద్యార్థులందఱి యెదుట ఆ మాట చెప్పితిమి. అటుపిమ్మట గదికి వచ్చి, కరెంటు తీసి, రెండవ ర్యాముకడ్డీని బాలుని చేతికిచ్చితిమి. అతడు దానిని నాలుగవ గాడిలో టక్కుమను శబ్దము రెండు కొనల వినబడునట్లు నొక్కెను. తెర 16 జీబీ యని చూపెను.