బడ్జీ పంజరంలోకి ఏ కొమ్మ వెళ్లొచ్చు?

షాపుల్లో "లవ్ బర్డ్స్" అని అమ్మేవి చాలావరకు లవ్ బర్డ్స్ కావు, బడ్జీలు. వాటి సొంతూరు ఆస్ట్రేలియా. ఫిషింగ్ హార్బర్ దగ్గర మా డాబా మీద రెండున్నాయి. (మన రామచిలుకని మాత్రం పంజరంలో పెట్టకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.) ఒక్కో బడ్జీ బరువు 30 నుంచి 40 గ్రాములు. అంత చిన్న ఒంటికి విషం కొంచెం చాలు. అందుకే ఈ వ్యాసం.

అసలు కొమ్మ ఎందుకు? పంజరంతో వచ్చే ప్లాస్టిక్ కర్ర ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే లావు. రోజంతా దాని మీదే నిలబడితే పాదంలో ఒకే చోట ఒత్తిడి పడి పుండ్లవుతాయి. దీన్ని బంబుల్‌ఫుట్ అంటారు. చెట్టు కొమ్మ ఒకచోట సన్నంగా, ఒకచోట లావుగా ఉంటుంది కాబట్టి పట్టు మారుతూ ఉంటుంది. పైగా బడ్జీ ముక్కు జీవితాంతం పెరుగుతుంది. కొరకడానికి ఏదో ఒకటి ఉండాలి. బెరడు దొరికితే దాన్ని ఒలుస్తూ గంటలు గడిపేస్తుంది.

చిక్కు ఎక్కడంటే, నెట్‌లో సేఫ్ లిస్టు వెతికితే యాపిల్, విల్లో, హేజెల్ అని వస్తాయి. హార్బర్‌లో విల్లో ఎక్కడ తేవాలి? నాలాంటి ఇంగ్లీష్ మీడియం వాళ్లకి ఇంకో కష్టం: పేరు చదివితే చెట్టు గుర్తురాదు, చెట్టు చూస్తే పేరు రాదు. నా పద్ధతి ఇది. ముందు అమ్మమ్మని తెలుగు పేరు అడుగుతాను. తర్వాత దాని శాస్త్రీయ నామం వెతుకుతాను. ఆ పేరుతోనే విషం సంగతి చూస్తాను. మధ్య మెట్టు దాటేయకూడదు. గన్నేరునే తీసుకోండి. ఎర్రగన్నేరు, పచ్చగన్నేరు, దేవగన్నేరు మూడూ వేర్వేరు మొక్కలు. మొదటి రెండింటిలో గుండెని దెబ్బతీసే విషాలున్నాయి. హైవే డివైడర్ల మీద గులాబీరంగు పూలతో కనిపించే పొద మొదటి రకమే. దేవగన్నేరు పాలు తగిలినా మంట పుడుతుంది.

"పిచ్చుకలు ఆ చెట్టు మీదే వాలుతున్నాయి కదా, ఏం కాదులే" అంటారు చాలామంది. బయటి పిట్టకి నచ్చకపోతే ఇంకో చెట్టుకి ఎగిరిపోతుంది. పంజరంలో పిట్టకి ఉన్నది ఆ ఒక్క కొమ్మే. తోచక దాన్నే కొరుకుతుంది. ఎంచుకునే అవకాశం దానికి లేదు కాబట్టి ఆ పని మనమే చేయాలి. ఫైర్‌వాల్‌లో డిఫాల్ట్ డినై అంటాం కదా, ఇక్కడా అదే రూలు. చెడ్డదని తెలిసినవి ఆపితే చాలదు, మంచిదని తెలిసినవే లోపలికి వెళ్లాలి.

లోపలికి: జామ, వేప, మునగ కొమ్మలు. మందార ఆకు, పువ్వు. గరిక, కొత్తిమీర, తులసి.

బయటే: గన్నేర్లు, జిల్లేడు, ఉమ్మెత్త, ఆముదం, గురివింద, లాంటానా. ఇంట్లో ఉండే మనీప్లాంట్, డిఫెన్‌బేకియా కూడా. వీటిలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు నోట్లో గుచ్చుకుంటాయి. అవకాడో పండైనా ఆకైనా వద్దు. అందులోని పర్సిన్ పక్షులకి ప్రాణాంతకం.

పేరు తెలియని మొక్క? అదీ బయటే.

మంచి కొమ్మ దొరికినా నేరుగా పెట్టేయకండి. పురుగుమందు కొట్టిన చెట్టుది వద్దు. మా వైపు ఆకుల మీద బోట్ల డీజిల్ మసి, ఉప్పు గాలి తేమ పేరుకుంటాయి. బ్రష్‌తో రుద్ది కడిగి, కొమ్మని ఎండలో బాగా ఆరబెట్టాలి. చిటికెన వేలంత లావు కొమ్మ బడ్జీకి సరిపోతుంది. గింజల గిన్నె, నీళ్ల గిన్నె పైన కట్టొద్దు, రెట్టలు పడతాయి. వాడిన ఆకులు సాయంత్రానికి తీసేయాలి.

కొమ్మకి తోడుగా మా హార్బర్ సరుకు ఒకటుంది: కటిల్ ఫిష్ వెన్ను పెంకు. మూలికల కొట్లో దీన్నే సముద్రపు నురుగు అంటారు. ఇందులో కాల్షియం ఉంటుంది, ముక్కూ అరుగుతుంది. ఒడ్డున ఏరినదైతే కొన్ని రోజులు మంచినీళ్లలో, నీళ్లు మారుస్తూ నానబెట్టి, ఆరాక కట్టండి.

ఎప్పుడైనా పిట్ట ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుంటే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. అది కొరికిన ఆకు కూడా పట్టుకెళ్లండి. మీకు పేరు తెలియకపోయినా ఆయన చూసి పోల్చుకోవచ్చు.

మీ ఇంట్లో పెద్దవాళ్లకి తెలిసిన మొక్కల పేర్లు ఇంకేమైనా ఉంటే మన క్లబ్‌కి పంపండి. శాస్త్రీయ నామాలు వెతికే పని నాది.