పాపం, ప్రాయశ్చిత్తం: రెండు సమకాలీన రష్యన్ నవలల్లో మధ్యయుగం

వ్లదీమిర్ సొరోకిన్ ‘ఒప్రిచ్నిక్ దినం’ 2006లో, యెవ్గేనీ వొదొలాజ్కిన్ ‘లావ్ర్’ 2012లో వెలువడ్డాయి. రెండూ మధ్యయుగ రష్యాను ఆశ్రయించిన నవలలే. మొదటిదాన్ని రాజకీయ వ్యంగ్యంగా, రెండవదాన్ని భక్తిప్రధాన రచనగా విడదీయడం సులభం. అయితే మతాచారం మనిషి అపరాధభావాన్ని ఏం చేస్తుందన్న ప్రశ్న రెండింటికీ సమానమే.

నాలుగవ ఇవాన్ 1565–1572 మధ్య నడిపిన ‘ఒప్రిచ్నినా’ పాలనలో అతని అనుచరులు కుక్కతల, చీపురు చిహ్నాలుగా ధరించేవారు. రాజద్రోహులను పసిగట్టి కరవడం, దేశం నుంచి ఊడ్చివేయడం వాటి అర్థం. సొరోకిన్ వీరిని 2028 నాటి మాస్కోకు తరలించాడు. కుక్కతల ఇప్పుడు కారు ముందు వేలాడుతుంది. కథకుడు కొమ్యాగా ఉదయం ఇంట్లో ప్రార్థన చేస్తాడు. తరువాత సహచరులతో కలిసి ఒక ప్రభువును అతని గుమ్మానికే ఉరితీసి, భార్యను చెరిచి, పిల్లలను అనాథాశ్రమానికి పంపి, ఆపై చర్చి ఆరాధనకు హాజరవుతాడు. ఈ క్రమమే నవలలోని అసలు విమర్శ. కొమ్యాగా కపటి కాడు, అతని భక్తి నిజమైనదే. ఆచారం సక్రమంగా జరిగినంతకాలం పశ్చాత్తాపానికి అక్కడ చోటుండదు.

‘లావ్ర్’లో పరిస్థితి తలకిందులు. పదిహేనవ శతాబ్దపు మూలికావైద్యుడు అర్సేనీ, తాను వివాహం లేకుండా కలిసి జీవిస్తున్న ఉస్తీనాను పాపనివేదనకు తీసుకుపోడు, మంత్రసానినీ పిలవడు. సంబంధం బయటపడుతుందన్న భయమే అందుకు కారణం. ఆమె ప్రసవంలో మరణిస్తుంది, శిశువూ దక్కదు. పాపనివేదన లేకుండా చనిపోయినవారికి సాధారణ ఖననం లేదు. ఊరి ఆచారం ఆమెను అలాంటి మృతుల గోతికి పంపుతుంది. చర్చి చూపే దారి మూసుకుపోయినందున అర్సేనీ తన జీవితాన్నే ఆమెకు బదులుగా ఇస్తాడు. ఆమె పేరును తన పేరుగా ధరించి ప్స్కోవ్ వీధుల్లో ‘యురోదివి’గా, అంటే దేవుని కోసం ఉన్మాదాన్ని వరించిన సాధువుగా తిరుగుతాడు. ‘అవధూత’ ఈ మాటకు దగ్గరిదే గానీ, స్వచ్ఛందంగా అవమానాన్ని కోరుకోవడమన్న అంశం అందులో అంత స్పష్టంగా లేదు. చివరికి, గర్భవతి అయిన ఒక అనాథ బిడ్డకు తండ్రి తానేనన్న నిందను అతడు ఖండించడు. ఆమెకు పురుడు పోసి మరణిస్తాడు. ఈసారి శిశువు బతుకుతుంది.

వొదొలాజ్కిన్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని పుష్కిన్ భవనంలో ప్రాచీన రష్యన్ సాహిత్య పరిశోధకుడు. అయినా తన రచనను ‘చారిత్రకేతర నవల’ అన్నాడు. అతని మధ్యయుగపు అడవిలో మంచు కరగగానే ప్లాస్టిక్ సీసాలు బయటపడతాయి. ప్రాచీన చర్చి భాష, నేటి కార్యాలయ భాష ఒకే పేరాలో కలిసిపోతాయి. సొరోకిన్ కూడా సెల్‌ఫోన్ల మధ్యకు పాతకాలపు పలుకుబడిని తెచ్చాడు. కానీ అతని చేతిలో ప్రాచీన భాష అధికారపు యూనిఫారం. వొదొలాజ్కిన్‌కు అది కాలం ముందుకే సాగదన్న నమ్మకానికి గుర్తు.

ఈ తేడాను తెలుగులోకి తేవడం తేలిక కాదు. ప్రగతి, రాదుగ ప్రచురణలు అలవాటు చేసిన వ్యావహారిక అనువాద భాష ఇక్కడ చాలదు. ప్రాచీనతకు గ్రాంథికం వెంటనే తడుతుంది గానీ, అది తెలుగు పాఠకుడికి పురాణ, ప్రబంధాలను గుర్తుచేస్తుంది, చర్చిని కాదు. అర్సేనీ ప్రార్థనలకు తెలుగు బైబిలు అనువాదపు నుడికారమే దగ్గరగా ఉంటుంది. కొమ్యాగా ప్రార్థననూ అదే నుడికారంలో పెడితే, అతని భక్తి నిజమేనన్న అసౌకర్యం చెక్కుచెదరకుండా తెలుగులోకి వస్తుంది.